వెదర్‌బీ వారి కాగితాల్లో అంబిక

పూడిమడక రోడ్డులో కింద ఎరువుల దుకాణం, పైన త్రినాధరావు ఆఫీసు. మెట్లెక్కుతుంటే యూరియా వాసన పైదాకా వెంట వస్తుంది. హైదరాబాదులో ఒక కంపెనీ అమెరికా నుంచి పని తెచ్చుకుని, అందులో కొంత ఇతనికి పంచుతుంది. పాత ఆసుపత్రి రికార్డులు, కోర్టు కాగితాలు, చర్చి రిజిస్టర్లు, ఏది వస్తే అది. కంప్యూటర్ తెర మీద ఎడమపక్క పాత కాగితం ఫోటో, కుడిపక్క టైపు చేయాల్సిన ఖాళీ. ఈమధ్య మెషీనే ముందుగా చదివేసి టైపు చేసిపెడుతోంది. అది తప్పు చదివిన చోట దిద్దడం, అసలు చదవలేక వదిలేసిన చోట పూరించడం ఇక్కడి వాళ్ళ పని. ఎవరికీ అంతుపట్టని చోట "చదవలేము" అని ఒక గుర్తు పెట్టాలి. సొంతంగా ఊహించి రాయకూడదు. ఆ నియమం గోడకు అంటించి ఉంటుంది.

ధనశ్రీ ఆ ఆఫీసులో చేరి ఏడాది దాటింది. పుట్టిల్లు రావికమతం దగ్గర పల్లె, చెరుకు రైతులు. డిగ్రీలో ఇంగ్లీషు మెయిన్ తీసుకుని చదివిన పిల్ల. మేనమామ కొడుకు లోవరాజుకే ఇచ్చారు. లోవరాజుకు సొంత ట్రాలీ ఆటో ఉంది, పల్లెల నుంచి బెల్లం దిమ్మలు అనకాపల్లి మార్కెట్‌కు తోలుతాడు. అతన్ని పెళ్ళికి ముందూ తర్వాతా కూడా ఆమె బావ అనే పిలిచింది. నెమ్మదైన మనిషి. గట్టిగా మాట్లాడడం ఎవరూ వినలేదు.

వాళ్ళకు ఒక ఆడపిల్ల పుట్టింది. ఊరి అమ్మవారు నూకాంబిక పేరు కలిసేలా అంబిక అని పెట్టుకున్నారు. ఏడాది నిండేదాకా పిల్లకు ఫోటోలు తీయకూడదనీ, దిష్టి తగులుతుందనీ అత్త దేముడమ్మ పట్టుబట్టింది. లోవరాజు తల్లి చూడకుండా తన ఫోన్లో తీసేవాడు. ఎవరికీ పంపేవాడు కాదు. ధనశ్రీ దగ్గర అప్పట్లో ఉన్నది మామూలు బటన్ల ఫోన్. రాత్రి పాప పడుకున్నాక ఇద్దరూ దుప్పటి కింద ఆ ఫోటోలు చూసుకుని నవ్వుకునేవాళ్ళు, పక్కనే అసలు పాప ఉండగా.

మొదటి పుట్టినరోజు నెలలోకి వచ్చిందనగా పాపకు నిమ్ము చేసింది. విశాఖ తీసుకెళ్తుంటే దారిలోనే, ధనశ్రీ ఒళ్ళోనే, ఊపిరి ఆగిపోయింది.

చంటిపిల్ల కనక దహనం లేదు, కర్మలు లేవు. మగవాళ్ళు తీసుకెళ్ళి పాతిపెట్టి వచ్చారు. దేముడమ్మ పిల్ల గౌన్లు, ఉయ్యాల కట్టిన చీర, కాటుక డబ్బా, రబ్బరు బాతు అన్నీ మూటగట్టి శారదా నదిలో వదిలించింది. ఆ వస్తువులు కంటి ముందు ఉంటే కోడలు బతకదని ఆవిడ భయం. ఆ భయం ఉత్తది కూడా కాదు. ధనశ్రీ భర్త ఫోన్ చేతిలో పట్టుకుని గోడకు జారగిలబడి కూర్చునేది. అన్నం కలిపి పెట్టినా కంచం అలాగే ఉండేది. అలా కొన్నాళ్ళు గడిచాక ఒక పొద్దున్న చూస్తే ఫోన్లో పాప లేదు.

"ఏవి బావా?" అని అడిగింది.

"తీసేసేను," అన్నాడు లోవరాజు, గుమ్మం వైపు చూస్తూ. "నువ్వు సచ్చిపోతావేమోనని తీసేసేను."

ధనశ్రీ చచ్చిపోలేదు. లేచింది, తింది, ఇంటి పని చేసింది. తర్వాత ఉద్యోగంలో చేరింది. అయితే ఆ పూట నుంచీ ఆ ఇంట్లో పాప పేరు ఎవరూ ఎత్తలేదు. భార్యాభర్తలు కూర గురించీ, కరెంటు బిల్లు గురించీ, వర్షం గురించీ మాట్లాడుకునేవాళ్ళు. అతన్ని క్షమించలేదని ఆమె ఎవరితోనూ అనలేదు. అనకపోయినా అతనికి తెలుసు.

ఆ వానాకాలంలో వెదర్‌బీ వారి కాగితాలు వచ్చాయి.

అమెరికాలో, సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊళ్ళో, నూట డెబ్భై ఏళ్ళ కిందట వెదర్‌బీలంటే పెద్ద పేరట. సొంత ఓడలు, నూలు మిల్లులు. ఒకాయన గవర్నరుగా కూడా చేశాడట. వంశంలో మిగిలిన ఒక ముసలావిడ మేడ మీది గదిలో పెట్టెల్లో ఉన్నవన్నీ ఆ ఊరి మ్యూజియానికి ఇచ్చేసింది. మ్యూజియం వాళ్ళు ప్రతి కాగితాన్నీ, ప్రతి వస్తువునూ ఫోటో తీసి పంపారు. వస్తువుల మీద కట్టిన చీటీల్లో రాత కూడా టైపు చెయ్యాలి.

ఆఫీసులో మిగతావాళ్ళకు ఓడల లెక్కలు, మిల్లు ఉత్తరాలు వచ్చాయి. ధనశ్రీ వాటాకు హానా వెదర్‌బీ వచ్చింది. ఓడల యజమాని జోసయా భార్య. దూరాన ఉన్న అక్క మార్తాకు వారం వారం ఉత్తరాలు రాసేది. సన్నటి, పక్కకు వాలిన రాత. కాగితం నిండిపోతే అదే కాగితాన్ని అడ్డంగా తిప్పి, రాసినదాని మీదే మళ్ళీ రాసేది. మెషీన్‌కు ఆ రాత బొత్తిగా కొరుకుడుపడలేదు. ధనశ్రీకి కొద్దిరోజుల్లోనే పట్టుబడింది. హానా తొందరలో ఉన్నప్పుడు ఏ అక్షరం మింగేస్తుందో, బాధలో ఉన్నప్పుడు కలం ఎక్కడ ఒత్తుతుందో తెలిసిపోయేది.

మొదటి ఉత్తరాల నిండా ఇంటి కబుర్లే. వంటమనిషి మానేసింది, తెరలకు గుడ్డ దొరకలేదు, జోసయా కలకత్తా నుంచి వచ్చే ఓడ కోసం ఎదురుచూస్తున్నాడు. తర్వాత లిడియా పుట్టింది. లిడియాకు పళ్ళొస్తున్నాయి. లిడియా కుర్చీ పట్టుకుని నిలబడింది. ఆ తర్వాత రెండు వారాలు ఉత్తరం లేదు. ఆ పైన నల్ల అంచు ఉన్న కాగితం వచ్చింది, ఇంట్లో చావు జరిగితే వాళ్ళు రాసే రకం.

ధనశ్రీ ఆ కాగితం ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయింది. పక్క సీటులో ఉన్న లావణ్య కుర్చీ జరుపుకుని చూసింది. లావణ్య మాకవరపాలెం నుంచి రోజూ బస్సులో వచ్చే పిల్ల, ఇంకా పెళ్ళి కాలేదు.

"ఏటక్కా, అలా అయిపోయేవు?"

"ఏం లేదులే. రాత అర్థం కావట్లేదు," అంది ధనశ్రీ.

లిడియా పెట్టె ఫోటోలు మర్నాడు తెరిచింది. అన్నీ ఉన్నాయి. అరచేతిలో పట్టే తోలు జోడు, ఒకదాని ముందుభాగం అరిగి ఉంది. లేసు టోపీ. వెండి గిలక్కాయ. దాని పిడి మీద చిన్న చిన్న పళ్ళ గాట్లు. జుట్టుపాయ ఒకటి గాజు బిళ్ళ కింద పెట్టి బంగారు అంచు కట్టించారు. ఎండుగడ్డి రంగు జుట్టు. ప్రతిదానికీ దారంతో ఒక చీటీ, ప్రతి చీటీ మీద హానా రాత. "ఇది చివరి ఆదివారం వేసుకున్న టోపీ. ఉతకలేదు."

చివరగా ఒక ఫోటో. తెల్ల గౌనులో పాప, దిండు మీద తల, చేతులు ఒకదాని మీద ఒకటి. నిద్రపోతున్నట్టుంది. చీటీ చదివితే తెలిసింది, ప్రాణం పోయాక తీయించిన ఫోటో అది. ఆ రోజుల్లో పక్క ఊరి నుంచి ఫోటోగ్రాఫరును గుర్రబ్బండిలో పిలిపించారట.

"అమ్మో," అని లావణ్య వెనక్కి జరిగింది. "చచ్చిపోయిన పిల్లకి ఫోటో తియ్యడమేటి అక్కా! ఎలా చూస్తారు దాన్ని?"

ధనశ్రీ చూస్తూనే ఉంది. మౌస్‌తో దగ్గరకు లాగి, పాప కనురెప్పల దాకా లాగి చూసింది. ఆ తల్లికి ఎన్ని మిగిలాయో కదా అనిపించింది. జోడు మిగిలింది. జుట్టు మిగిలింది. పళ్ళ గాట్లు మిగిలాయి. ఏ దేశం, ఏ కాలం, ఎవరి బిడ్డ! ఇన్నేళ్ళకు సముద్రాలు దాటి అనకాపల్లిలో ఎరువుల కొట్టు మీద ఒకామె లిడియా టోపీ ఉతకలేదని తెలుసుకుంది. అంబిక జుట్టు ఎలా ఉండేదో ఒక్కోసారి తనకే స్పష్టంగా గుర్తు రావడం లేదు. వెనకవైపు కొంచెం రింగులు తిరిగేదా, లేక పుట్టు జుట్టు తీయించాక అదీ పోయిందా?

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి అత్తను అడుగుదామనుకుంది. దేముడమ్మ పెరట్లో కట్టెలు పేరుస్తోంది. ఆవిడ వీపు చూసి, అడగకుండా లోపలికి వచ్చేసింది.

హానా ఉత్తరాలు ఆగలేదు. ఒకదానిలో రాసింది: "మార్తా, జోసయా నోట పిల్ల పేరు విని ఎన్నాళ్ళైందో. నేను ఎత్తితే లేచి గుర్రాల దగ్గరికి వెళ్ళిపోతాడు. అందుకే నీకు రాస్తున్నాను. ఎక్కడో ఒకచోట రాయకపోతే అది అసలు పుట్టలేదేమో అనిపిస్తుంది." ఆ కింది పంక్తిలో కాగితానికి చెమ్మ పట్టి సిరా అలుక్కుపోయింది. "నా చిన్నారి" అన్న మాట వరకు తెలుస్తోంది, ఆ పక్క మాట పోయింది. మెషీన్ అక్కడ ఖాళీ వదిలింది. నియమం ప్రకారం "చదవలేము" గుర్తు పెట్టాలి.

ధనశ్రీ ఆ ఖాళీలో "అంబిక" అని ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసింది.

తెర మీద "నా చిన్నారి అంబిక" అని కనబడింది. ఆ పేరు ఎక్కడైనా రాసి ఉండగా చూసి ఎంత కాలమైంది! చెరిపేద్దామనుకుంటూనే కాసేపు ఉంచింది. త్రినాధరావు భోజనానికి వెళ్ళొచ్చి బాకీ పేజీలు పంపెయ్యమంటే, చెరపకుండానే పంపేసింది.

ఆ తర్వాత అలుక్కుపోయిన చోటు ఎక్కడ కనబడినా ఆమె చెయ్యి ఆగలేదు. చిరిగిన మూల దగ్గర, మడత పడి అరిగిన చోట, పురుగు తిన్న చోట అంబిక వచ్చి కూర్చుంది. తప్పని తెలుసు. ఇదే ఆఖరు అని ప్రతిసారీ అనుకునేది. చివరికి ఒకరోజు, సిరా ఏమాత్రం చెదరని చోట, లిడియా అని నిక్షేపంగా కనబడుతున్న చోట కూడా అంబిక అని కొట్టింది. గిలక గురించి రాసిన ఉత్తరం అది. "వంటింట్లో కుర్చీ కింద లిడియా వెండి గిలక దొరికింది. దాని పళ్ళ గుర్తుల మీద వేలు పెట్టి కూర్చున్నాను." ఆ వాక్యంలో అంబిక పేరు ఉంటే ఎలా ఉంటుందో చూడాలనిపించింది, అంతే. చూసింది. పంపేసింది.

కొన్ని వారాల తర్వాత త్రినాధరావు తన గది తలుపు తీసుకుని బయటికి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"ధనశ్రీ! ఇలా రా అమ్మా. హైదరాబాద్ మేనేజర్ ఫోన్ చేసేడు. అమెరికా వాళ్ళు మన పనికి తెగ మురిసిపోతన్నారట. వాళ్ళకే తెలీని మనిషిని నువ్వు పట్టుకున్నావట కదా?"

"ఎవరిని సార్?"

"అంబిక!" అన్నాడాయన.

ఆ మాట ఆఫీసు మధ్యలో, అందరి ముందూ, అంత గట్టిగా వినబడేసరికి ధనశ్రీ చుట్టూ ఉన్నవాళ్ళ మొహాలు చూసింది. ఆయన మెయిల్ ప్రింటు తీసి చదివి వినిపించాడు. వంశవృక్షమంతా వెతికినా అంబిక అన్న పేరు లేదట. అది ఇండియా పేరని ఎవరో చెప్పారట. వెదర్‌బీల ఓడలు కలకత్తా వెళ్ళేవి కనక, అక్కడి నుంచి ఒక అనాథ పాపను తెచ్చి హానా ఒళ్ళో పెట్టి ఉంటారని మ్యూజియం వాళ్ళు అనుకుంటున్నారు. వంశంలో మిగిలిన ముసలావిడ ఈ సంగతి విని కళ్ళనీళ్ళు పెట్టుకుందట. మా ఇంట ఒక భారతదేశపు బిడ్డ పెరిగిందని మాకెవరూ చెప్పలేదే అందట.

"ఎగ్జిబిషన్లో ఆ పాపకి ఒక గోడ ప్రత్యేకంగా పెడతారట, చూడు!" అన్నాడు త్రినాధరావు. ఎవర్నో పంపి అందరికీ కూల్ డ్రింకులు తెప్పించాడు. లావణ్య వచ్చి చెయ్యి నొక్కి, "అదృష్టమంటే నీదే అక్కా," అంది. లావణ్యకు పాప సంగతి తెలుసు గానీ పాప పేరు తెలియదు. ఆ ఆఫీసులో ఎవరికీ తెలియదు.

ఇంటికి వెళ్తున్నంతసేపూ ధనశ్రీకి ఒకటే ఆలోచన. ఉండనీ. ఎవరికి నష్టం? అమెరికాలో ఒక గోడ మీద అంబిక పేరు ఉంటుంది. పిల్లలు బడి నుంచి వచ్చి చదువుతారు. నదిలో కలిపినా, ఫోన్లోంచి తీసేసినా, అక్కడ ఒకచోట ఉంటుంది. ఎన్నడూ లేనిది ఆ పూట ఆమె రెండోసారి అన్నం పెట్టించుకుంది. దేముడమ్మ వింతగా చూసింది.

రెండో మెయిల్ ఆ వారంలోనే వచ్చింది. లిడియా పెట్టెలో వస్తువుల గురించి. ఉత్తరాన్ని బట్టి వెండి గిలక అంబికదని తేలుతోంది కనక, చీటీ మార్చి ఆ పేరుతో గోడ దగ్గర పెడుతున్నామని రాశారు. అరిగిన జోడు కూడా ఆ ఇండియా పాపదే అయి ఉండొచ్చట. జుట్టుపాయ ఒక్కటే రంగును బట్టి లిడియాది.

ధనశ్రీ అది రెండుసార్లు చదివింది. తర్వాత గిలక ఫోటో తెరిచి చూసింది. పిడి మీద పళ్ళ గాట్లు. ఆ గాట్ల మీద వేలు పెట్టుకుని కూర్చున్న తల్లి. అది ఆ తల్లి దాచుకున్నది. దాన్ని ఇప్పుడు ఆమె బిడ్డ దగ్గర్నుంచి తీసేస్తున్నారు, తీయించింది తను. తన పిల్ల వస్తువుల మూట నీళ్ళలో మునుగుతుంటే చూడడానికి కూడా వెళ్ళనివ్వలేదని అత్త మీద ఇన్నాళ్ళూ లోపల లోపల ఉడికిపోయింది కదా. ఇప్పుడు తను చేసిందేమిటి?

లేచి త్రినాధరావు గదిలోకి వెళ్ళింది.

"సార్, అంబిక అని ఆ ఉత్తరాల్లో ఎక్కడా లేదు. నేనే టైపు చేసేను."

ఆయనకు ముందు అర్థం కాలేదు. "చదవడంలో తేడా వచ్చిందా?"

"తేడా కాదు సార్. కావాలనే చేసేను. అంబిక మా పాప పేరు."

త్రినాధరావు కుర్చీలో వెనక్కి వాలాడు. ఆయనకు కోపం వచ్చింది, మొహం ఎర్రబడింది. కాంట్రాక్టు పోతుందన్నాడు, ఇంతమంది పొట్ట కొట్టావన్నాడు, చదువుకున్న దానివి కదా అన్నాడు. ధనశ్రీ తల దించుకుని నిలబడింది. అంటూ అంటూ ఆయనే ఆగిపోయాడు. బల్ల మీద ప్రింటు తీసిన మెయిల్ ఉంది, పెద్ద అక్షరాల్లో ఆ పేరు ఉంది. ఆయన దాన్ని బోర్లా తిప్పాడు.

"ఎన్ని నెలలకి పోయింది?" అని అడిగాడు.

"పదకొండు సార్."

"వెళ్ళి అన్నీ సరిచెయ్యి. నువ్వే చెయ్యాలి, ఎక్కడెక్కడ పెట్టేవో నీకే తెలుసు. అయ్యాక నాకు చెప్పు. వాళ్ళకి నేను రాస్తాను."

కంప్యూటర్లో పేరు కొట్టి వెతికితే అది ఉన్న ప్రతిచోటా పసుపుపచ్చగా వెలుగుతుంది. ధనశ్రీ వెతికింది. పేజీ తర్వాత పేజీలో అంబిక వెలిగింది. అన్నీ ఒక్క దెబ్బతో తీసేసే మీట కూడా ఉంది. దాని మీద వేలు పెట్టి, మళ్ళీ తీసేసింది. ఒక్కొక్క పేజీ తెరిచి, ఒక్కొక్కచోట చూసి, చెరిపి, "చదవలేము" గుర్తు పెడుతూ వెళ్ళింది. లిడియా పేరున్న చోట లిడియాను తిరిగి పెట్టింది. మధ్యలో ఎక్కడో ఆమెకు లోవరాజు గుర్తొచ్చాడు. ఫోన్ పట్టుకున్న అతని బొటనవేలు. బెల్లం దిమ్మల అంచులకు పగిలిన వేలు. తను నిద్రపోతుండగా గుమ్మంలో కూర్చుని ఇలాగే చేసి ఉంటాడు. ఇన్నాళ్ళూ ఆ వేలిని ఆమె రాయి అనుకుంది.

పని అయ్యేసరికి లావణ్య బస్సుకు వెళ్ళిపోయింది. త్రినాధరావు మెయిల్ పంపి వచ్చి, తలుపు దగ్గర నిలబడ్డాడు.

"టైపింగ్ పొరపాటు అని రాసేను," అన్నాడు. "అంతకంటే ఏం రాయగలను?"

"సరే సార్," అంది ధనశ్రీ.

వీధిలోకి వచ్చాక గానీ ఆ మాట గుచ్చుకోలేదు. అంబిక, టైపింగ్ పొరపాటు. ఎరువుల కొట్టు మెట్ల దగ్గర కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. కొట్టు కుర్రాళ్ళు బస్తాలు దించడం ఆపి చూశారు.

ఇంటికి వచ్చేసరికి లోవరాజు వాకిట్లో ట్రాలీ కడుగుతున్నాడు. చెక్కలకు అంటిన బెల్లం పాకం మీద ఈగలు ముసిరాయి. ధనశ్రీ బ్యాగు కూడా దించకుండా అతని ఎదురుగా నిలబడింది.

"బావా, ఒకటి అడుగుతాను చెప్పు. ఆ ఫోటోలు తీసేసినప్పుడు అన్నీ ఒక్కసారే తీసేవా? ఒక్కొక్కటీ తీసేవా?"

అతని చేతిలో మగ్గు అలాగే ఉండిపోయింది. నీళ్ళు ధారగా కారి పాదాల మీద పడ్డాయి.

"ఒక్కొక్కటే," అన్నాడు. "సూసి సూసి తీసేను."

"అన్నీ గుర్తున్నాయా?"

"ఎందుకు గుర్తుండవే," అన్నాడు. మగ్గు కింద పెట్టి ట్రాలీ అంచు మీద కూర్చున్నాడు. "తీసేసిన మర్నాడే తప్పు సేసేనని తెలిసింది. విశాఖ ఎల్లి ఫోన్ల షాపులో ఇచ్చేను. బ్యాకప్పు పెట్టుకోలేదా అన్నాడు. అదేటో నాకు తెల్దు. ఇంకో షాపుకెల్లేను. రావన్నాడు. నీకు సెప్పడానికి మొకం సెల్లలేదు."

ధనశ్రీ వెళ్ళి అతని పక్కన కూర్చుంది. పెళ్ళయ్యాక పాప ఉన్నన్నాళ్ళూ అలా పక్కపక్కన కూర్చునేవాళ్ళు. మళ్ళీ ఇప్పుడే.

"చెప్పు బావా. మొదటిదేటి?"

అతను చెప్పాడు. మొదటిది పురిటి గదిలోది, తెల్ల తువ్వాల్లోంచి మొహం ఒక్కటే, ఒక కన్ను తెరిచి. తర్వాతది నీళ్ళు పోసి సాంబ్రాణి పొగ వేస్తుంటే తుమ్మబోతున్నది. ఒకదానిలో పాప లేదు, కదిలిపోయింది, ధనశ్రీ చెయ్యీ గాజులూ వచ్చాయి. ఒకదానిలో బోర్లా పడి తల ఎత్తలేక నేలకు ముక్కు ఆనించింది. బెల్లం ముక్క నాకించినప్పుడు మొహం చిట్లించినది ఒకటి. అది తీసేసేటప్పుడు మటుకు రెండుసార్లు చెయ్యి వెనక్కి తీశానన్నాడు.

"జుట్టు రింగులు తిరిగేదా బావా? నాకు గుర్తు రావట్లేదు."

"ఎనకాల తిరిగేది. ఎడం సెవి దగ్గర. కుడిపక్క తిరిగేది కాదు."

ధనశ్రీ ఏడ్చింది. అతనూ ఏడ్చాడు. వాకిట్లో, పగటి వెలుగు ఇంకా పోకముందే, వచ్చేపోయేవాళ్ళు చూస్తుండగా. అతను ఏడవడం ఆమె చూడలేదు ఎప్పుడూ. పాపను తీసుకెళ్ళిన రోజు కూడా చూడలేదు. ఆఫీసులో తను చేసిందంతా అప్పుడు అతనికి చెప్పింది. అంబిక కోసం అమెరికాలో గోడ పెడతామన్నారనీ, తనే తీయించేసిందనీ చెప్పింది. అతను విని, "మంచి పనే సేసేవు," అన్నాడు. మగ్గు చేతిలోకి తీసుకుని, "గోడ పెద్దదేనా?" అని అడిగాడు.

చీకటి పడబోతుండగా ఆమె అడిగింది. "నన్నక్కడికి తీసుకెళ్తావా? ఎక్కడ పెట్టేరో నేను చూడలేదు."

తల్లులు వెళ్ళకూడదంటారు. అతను ఆ మాట అనలేదు. "రేపు పొద్దున్న ఎల్దాం," అన్నాడు.

పొద్దున్న ట్రాలీ తీస్తుంటే దేముడమ్మ వంటింట్లోంచి వచ్చింది. నిన్న వాకిట్లో జరిగిందంతా ఆవిడ లోపల్నుంచి విన్నదని ఇద్దరికీ తెలుసు. తిడుతుందేమోనని ధనశ్రీ చూసింది. ఆవిడ మూత పెట్టిన స్టీలు చెంబు కోడలి చేతిలో పెట్టింది. వేడిగా ఉంది.

"పాలు. సల్లారేక పొయ్యండి," అంది. మళ్ళీ లోపలికి పోతూ, అటు తిరిగే, "బట్టలన్నీ కలిపేసేను గానీ... నీకోసమే సేసేనే ధనా," అంది.

"తెలుసత్తా," అంది ధనశ్రీ. ఆ మాట నిజమో కాదో ఆమెకే తెలియదు. అనాలనిపించింది, అంది.

శారదా నది గట్టు దాకా వెళ్ళి, ట్రాలీ ఆపి, లోవరాజు ముందు నడిచాడు. కొంతదూరం వెళ్ళి ఆగాడు. వెనక్కి వచ్చాడు. మళ్ళీ ముందుకు వెళ్ళాడు. అప్పట్లో ఇక్కడ రెండు తాటిచెట్లు ఉండేవన్నాడు, వాటికి ఎదురుగా అన్నాడు. చెట్లు లేవు. పోయిన ఏడు వరదలకు గట్టు కోసుకుపోతే మట్టి పోసి కొత్తగా కట్టారు. ఆ కిందంతా చెరుకు వేశారు. మనిషెత్తు చెరుకు గాలికి గలగలమంటోంది.

"ఇక్కడే ధనా... కాదు, ఆ సివరేమో," అన్నాడు. "రాయి పెట్టేను. పెద్ద రాయే పెట్టేను."

ఇద్దరూ చాలాసేపు వెతికారు. గట్టు మీద రాళ్ళు చాలా ఉన్నాయి, అన్నీ లారీల్లో తెచ్చి పోసినవే. లోవరాజు ఒకదాని దగ్గర కూర్చుని, చేత్తో మట్టి తుడిచి చూసి, కాదని లేచాడు. ధనశ్రీ అతని భుజం పట్టుకుంది.

"వదిలెయ్ బావా. ఇక్కడెక్కడో ఉంది కదా. చాలు."

చాలదు. ఇద్దరికీ తెలుసు. అయినా చెంబు మూత తీసి, గట్టు వారన నడుస్తూ, కాసిని కాసిని పాలు పోస్తూ వెళ్ళింది. కొత్త మట్టి పాలను వెంటనే పీల్చేసుకుంది. చెరుకు తోటలోంచి ఒక ముసలి రైతు కొడవలితో బయటికొచ్చి కేకేశాడు.

"ఏటి సేత్తన్నారర్రా అక్కడ? ఏటి పోత్తన్నారు నా సేలో?"

ధనశ్రీ ఆగిపోయింది. లోవరాజు ఆమెకు ముందుగా వచ్చి నిలబడ్డాడు.

"మా పాప ఉంది మావా ఇక్కడ," అన్నాడు. ఎప్పుడూ గొంతెత్తని మనిషి, చేను అవతలకు కూడా వినబడేలా అన్నాడు. "అంబిక అని. పదకొండో నెల్లో పోయింది."

ముసలాయన తలపాగా తీసి భుజాన వేసుకుని, గట్టు కింద ఉన్న రెండు చెరుకు గడలు పక్కకు వంచి పట్టుకున్నాడు, ఆమె లోపలి దాకా వెళ్ళి పోసేందుకు వీలుగా.

వెదర్‌బీ పని ఆ నెలాఖరుకు పూర్తయింది. కాంట్రాక్టు పోలేదు గానీ, ధనశ్రీని ఆ పని నుంచి తీసేసి ఆసుపత్రి బిల్లులకు వేశారు. హానా మిగిలిన ఉత్తరాలు లావణ్య చేసింది. అందులో ఏముందో చెప్పబోతే ధనశ్రీ వద్దంది. లిడియా గిలక లిడియా పేరుతోనే పెట్టారని మాత్రం అడిగి తెలుసుకుంది.